నడిమి తాడు

ఆ కొస నీదమ్మ, ఈ కొస నాదమ్మ,
నడుమ తిరిగే పురి ఎవ్వరిదమ్మ...

తర్వాత ఇంకో రెండు చరణాలుండేవి. ఒకదాంట్లో "వదిలితే" అని ఏదో వచ్చేది, ఇంకోదాంట్లో "అరచేతులు" అని ఏదో వచ్చేది. నా చిన్నప్పుడు నార పేనే ఆడవాళ్ళు పాడుతుంటే విన్నాను. ఒకామె కూర్చుని నార అందిస్తుంది, ఇంకొకామె పుల్ల తిప్పుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. పాట పోయింది. ఆ నడక మాత్రం కళ్ళముందే ఉంది. అడిగిన ప్రశ్నకి వాళ్ళు జవాబు పాడారో లేదో నాకు గుర్తు లేదు.

ఒక ఊరు ఉండేది. చుట్టూ గోడ. బయటి మట్టి లోపలికి రాదు, లోపలి మట్టి బయటికి పోదు. అందుకని ఆ ఊరివాళ్ళు పాతబడినదాన్ని నూరి, ఆ పొడితోనే కొత్తది చేసుకునేవాళ్ళు. ఊరి నడిమధ్యన నూరుడిల్లు ఉండేది.

ఏది నూరాలో ఎవరు చెప్పాలి? అందుకని సున్నంచేతివాళ్ళని చేసిపెట్టుకున్నారు. పదిమంది. మట్టిబొమ్మలే, కానీ చెయ్యి ఆడేది. ఒళ్ళో సున్నపు కుండ పెట్టుకుని వీధి మలుపుల్లో కూర్చునేవాళ్ళు. చేతికందినదాని వీపుమీద వరసగా నాలుగు బొట్లు పెట్టేవాళ్ళు. ఒకటి పడితే లెక్క కాదు, రెండు పడినా లెక్క కాదు. నాలుగూ పడ్డాయంటే నూరుడింటివాళ్ళు వచ్చి ఎత్తుకుపోతారు. ఆ బొమ్మలకి కళ్ళు పెట్టలేదు. మరిచిపోయారో, కావాలనే పెట్టలేదో తెలియదు. వాళ్ళకి ఎవరిమీదా పగ లేదు, ఎవరిమీదా జాలి లేదు. చేతికి అందాలి, వీపు చూపించాలి, అంతే.

కేకవాళ్ళు ఇంకో రకం. వాళ్ళూ మట్టివాళ్ళే. నలభైమంది, అందరూ ఒకే అచ్చులోంచి వచ్చినవాళ్ళు. వీధుల్లో తిరుగుతుంటారు. ఎక్కడైనా గోడ పడితే "కట్టండి" అని ఒక్కసారి కేక వేసి కూర్చుంటారు. తాపీవాళ్ళు వచ్చి కట్టేస్తారు. ఈ తాపీవాళ్ళు మాత్రం మనుషులే, మనలాంటివాళ్ళే. కానీ కేక పడ్డాక ఎందుకని అడగకూడదని వాళ్ళకి చిన్నప్పుడే నేర్పారు.

ఒకనాడు అచ్చు పగిలింది. ఆ అచ్చు ఊరి పునాదిలో ఉంది. తవ్వి తీద్దామంటే ఊరే కూలుతుంది. పగిలిన అచ్చులోంచి ఆ విడత వచ్చిన నలభైమంది కేకవాళ్ళకీ నిలబడడం వచ్చింది గానీ కూర్చోవడం రాలేదు. కట్టండి, కట్టండి అంటూ తిరుగుతూనే ఉన్నారు.

తాపీవాళ్ళు కడుతూనే ఉన్నారు. నీళ్ళు తోడుకునే బావి నోటికి గోడ కట్టారు. పొయ్యికీ వంటామెకీ మధ్య గోడ కట్టారు. కట్టిన గోడకి ఇంకో గోడ ఆనించారు. ఒక వీధివాళ్ళు పక్క వీధికి వెళ్ళాలంటే నిచ్చెన వేసుకోవలసి వచ్చింది. కొన్నాళ్ళకి ఆ నిచ్చెనకీ గోడ కట్టేశారు.

ఆ ఊళ్ళో తాళ్ళు పేనే ముసలమ్మ ఒకతె ఉండేది. ఆమె కూతురు కుమ్మరివీధిలో ఉండేది. ఉబ్బసం మనిషి. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఆ పిల్ల ఇంటి తలుపుకి గోడ ఉంది. వెనక తలుపుకీ ఉంది. మిగిలింది ఒక్క కిటికీ. దానికి రాతి కమ్ములు, మనిషి దూరే సందు లేదు. ఆ సాయంత్రమే కిటికీకి కిందినుంచి మొదటి వరస ఇటుకలు పడ్డాయి. ఇంకా తొమ్మిది వరసల ఖాళీ ఉంది. రోజుకి ఒక వరస.

ముసలమ్మ గోళ్ళతో ఒక ఇటుక పీకింది. కేకవాడు ఇంకా గట్టిగా అరిచాడు, తాపీవాళ్ళు వచ్చి రెండు పెట్టారు. ఇంకోటి పీకింది. ఇంకో రెండు పెట్టారు.

"ఒరే నాయనా, లోపల ఉన్నది నీ అక్కలాంటిది కాదురా?" అంది తాపీవాడితో.

"తెలుసు పెద్దమ్మా," అన్నాడు వాడు. నిజంగానే తెలుసు వాడికి. కళ్ళు కిందికి దించుకున్నాడు. "కేక పడింది కదా."

కిటికీలోంచి కూతురు నవ్వింది. "అమ్మా, ఊరు మొత్తం మీద గట్టి ఇల్లు ఎవరిదే ఇప్పుడు? నాదే. దొంగలు కూడా తలకొట్టుకుని పోతారు."

"నోరు ముయ్యవే," అంది తల్లి.

"మూయడానికే కదా వాళ్ళు కడుతున్నారు," అని, మళ్ళీ నవ్వబోయి దగ్గింది.

ఊరి పెద్దలు ముగ్గురూ కూడారు. ముందు కేకవాళ్ళ నోళ్ళలో గుడ్డలు కుక్కించారు. గుడ్డ ఉన్నంతసేపు బాగానే ఉంది. కేకవాడు ఉమ్మేసేవాడు. మళ్ళీ కుక్కాలి, మళ్ళీ ఉమ్మేస్తాడు. తాడు కట్టి లాగుదామంటే ఒళ్ళంతా నున్నగా ఉంది, ఎక్కడా పట్టు దొరకదు. పైగా నాలుగు బొట్లు పడనిదే మట్టివాళ్ళ మీద మనిషి చెయ్యి వేసి ఈడ్చకూడదని ఆ ఊరి కట్టుబాటు. గుడ్డ కుక్కడం మటుకు ఎలా సరిపోయిందో వాళ్ళనే అడగాలి.

అప్పుడు ఒక కమ్మరి ఒకటి కనిపెట్టాడు. కేకవాడి నడుము దగ్గర, అచ్చు అతుకు కలిసినచోట, చిన్న మడత ఉంది. దానికి సరిపోయే కొక్కెం చేశాడు. కొక్కెం తగులుకునేది, పట్టుకునేది. అయినా కేక ఆగలేదు. నడుముకి కొక్కెం వేసుకుని అరుస్తూ తిరిగేవాడు.

ఒక కంచరి ఇంకోటి కనిపెట్టాడు. సున్నంచేతివాడి మణికట్టుకి సరిగ్గా పట్టే కడియం. వాడు సున్నంలో చెయ్యి ముంచినప్పుడు కడియం దానంతటదే ఎక్కుతుంది, చెయ్యి దించితే జారిపోతుంది.

పెద్దలకి వెలుగు కనిపించింది. ఈ కొక్కేన్నీ ఆ కడియాన్నీ కలిపితే కేకవాడు సున్నంచేతివాడి దగ్గర ఆగుతాడు, నాలుగు బొట్లు పడతాయి, నూరుడింటివాళ్ళు ఎత్తుకుపోతారు. కమ్మరిని కావలించుకున్నారు, కంచరిని కావలించుకున్నారు. ఇద్దరికీ తలపాగాలు కట్టించారు.

"మరి మధ్యలో?" అని ముసలమ్మ అడిగింది.

"మధ్యలో ఏముంది, ఏదో ఒక తాడు," అన్నాడు పెద్దాయన.

అప్పటికి కిటికీలో ఏడు వరసల ఖాళీ ఉంది.

బావి నోరు మూసేశారు కదా, పనిలేక పడి ఉన్న చేంతాడు ఒకటి తెచ్చారు. పన్నెండు మూరల తాడు. ఒక కొసకి కొక్కెం, ఒక కొసకి కడియం. మలుపులో మేకుకి వేలాడదీశారు. కేకవాడు అటుగా వచ్చాడు, కొక్కెం తగులుకుంది. సున్నంచేతివాడు కుండలోకి వంగాడు, కడియం ఎక్కింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది. కేకవాడు పన్నెండు మూరల దూరంలో హాయిగా చుట్టూ తిరుగుతూ కట్టండి కట్టండి అని అరుస్తున్నాడు. సున్నంచేతివాడు గాలికి బొట్లు పెడుతున్నాడు.

కొక్కెం బాగా లేదన్నాడు కంచరి. కడియమే వదులన్నాడు కమ్మరి. పెద్దలు ఒక రోజంతా ఇద్దరి వాదనా విన్నారు. రెండో రోజు కొక్కెం మార్చారు. మూడో రోజు కడియం మార్చారు. తాడు మాత్రం అదే చేంతాడు.

"తప్పు తాడుది," అంది ముసలమ్మ.

పెద్దలు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, ఇంట్లో ముసలివాళ్ళు తెలియక ఏదో అంటే నవ్వుతారు చూడండి, ఆ నవ్వు. చెడ్డ నవ్వే నయం, దానికి తిరిగి ఒక మాట అనొచ్చు.

"తాడుకి తెలివి ఎక్కడుంటుంది అత్తా," అన్నాడు కమ్మరి. "పట్టుకునేది కొక్కెం. లాగేది కడియం. నడుమ ఉన్నది ఊరికే ఉంటుంది."

"నీ పెళ్ళికి నడుమ నడిచింది నేనేరా," అంది ముసలమ్మ. "నేను ఊరికే ఉండి ఉంటే నువ్వివాళ ఎవరితో కాపురం చేసేవాడివి?"

అందరూ మళ్ళీ నవ్వారు. కమ్మరి కూడా నవ్వాడు. ముసలమ్మ నవ్వలేదు. ఇంటికిపోయి గోగునార నానబెట్టింది.

నాలుగు వరసల ఖాళీ.

ఆమె తాళ్ళు పేనే మనిషి. ఆవుకి పేనిన పలుపు గేదెకి పనికిరాదని తెలిసిన మనిషి. ఏ తాడు పేనాలన్నా ముందు ఆ తాడుకి కట్టుబడే జీవం నడక చూడాలి. అందుకని నార నానేలోపల మలుపులో కూర్చుని కేకవాణ్ణి చూసింది. ఎవరూ అలా చూడలేదు అంతవరకూ. అందరూ వాడి నోరే చూశారు. ఆమె కాళ్ళు చూసింది, భుజాలు చూసింది. మూడు కేకలకి ఒకసారి వాడు ఎడమవైపుకి తిరుగుతాడు. తిరిగేటప్పుడు ఒక్క క్షణం వీపు కనిపిస్తుంది.

మొదట మూరెడు తాడు పేనింది. కేకవాడు వచ్చి సున్నంచేతివాడి మీద పడ్డాడు. ఇద్దరూ రొమ్ముకి రొమ్ము ఆనించి నిలబడ్డారు. తిరగడానికి చోటు లేదు, వీపు కనపడదు. సున్నమంతా కేకవాడి గడ్డానికి అయింది.

కంచరి వచ్చి చూశాడు. "పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టుంది అత్తా," అన్నాడు.

ఐదు మూరలది పేనింది. కేకవాడు తిరిగాడు, వీపు కనపడింది, చెయ్యి అందలేదు. రెండు బొట్లు పడ్డాయి. రెండు పడితే లెక్క కాదు.

కర్ర కట్టి చూసింది. కర్ర వంగదు. కేకవాడు తిరగబోతే సున్నంచేతివాడు కుండతో సహా పక్కకి ఒరిగాడు. కొబ్బరి పీచుతో పేని చూసింది. పొద్దుటి మంచుకి ఉబ్బి, కడియానికున్న కంతలో దూరలేదు. మెత్తటి నూలుతో పేనింది. అది కేకవాడి కాళ్ళకే చుట్టుకుని, కొక్కేన్ని తనలోనే దాచేసుకుంది.

రెండు రోజులు అలా పోయాయి. మధ్యమధ్య కుమ్మరివీధికి వెళ్ళి వస్తోంది. కిటికీ ముందు నిలబడితే ఇప్పుడు కూతురి నుదురూ కళ్ళూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఎంతవరకు వచ్చిందమ్మా?"

"పొడుగు దొరికింది. మూడు మూరలు. పురి కుదరడంలేదు. గట్టిగా పేనితే వాణ్ణి తిరగనివ్వదు, వదులుగా పేనితే వాడు నిలవడు."

కూతురు కాసేపు ఊపిరి తీసుకుంది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఇప్పుడు అంత ఎడం ఉంటోంది. "అంతా ఒకేలా ఎందుకు పేనాలి?" అంది. "కొక్కెం వైపు మెత్తగా, కడియం వైపు బిరుసుగా పేను. నన్ను పెంచినట్టు. పగలంతా వదిలేసేదానివి, పొద్దు వాలితే గుమ్మంలో నిలబడేదానివి."

ముసలమ్మ అక్కడే, ఆ గోడ పక్కనే కూర్చుని పేనింది. కొక్కెం వైపు ఒకటిన్నర మూర రెండు పోగుల మెత్తటి పురి. కడియం వైపు ఒకటిన్నర మూర నాలుగు పోగుల బిరుసు పురి. రెండూ కలిసేచోట ముడి వెయ్యలేదు. పురిలో పురి కలిపేసింది. ఎక్కడ మెత్తదనం అయిపోయిందో, ఎక్కడ బిరుసు మొదలైందో వేలికి కూడా తెలియదు.

మర్నాడు పొద్దున మేకుకి తగిలించింది. కేకవాడు వచ్చాడు. కొక్కెం తగిలింది, కడియం ఎక్కింది. ఒక కేక. రెండు కేకలు. మూడో కేకకి ఎడమవైపు తిరిగాడు. తాడు తిరగనిచ్చింది, పోనివ్వలేదు. వీపు వచ్చి ఆ గుడ్డివాడి చేతికింద ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

నూరుడింటివాళ్ళు వచ్చారు. కేకవాణ్ణి ఎత్తుకుపోయారు. ఎత్తేటప్పుడే నడుము మడత చితికి పొడి అయింది, కొక్కెం ఊడింది. సున్నంచేతివాడు చెయ్యి దించగానే కడియం జారింది. తాడు మళ్ళీ మేకుమీద వేలాడుతోంది. ఒక్క పోగు తెగలేదు, ఒక్క పోగు నలగలేదు.

ముసలమ్మకి కూడా అది ముందు తెలియదు. ఆశ్చర్యంగా చూసింది. కొక్కెం ఖాళీ, కడియం ఖాళీ. ఇంకో కేకవాడు వచ్చాడు, వాడూ పోయాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అదే తాడుతో నలుగురు పోయారు.

ఆమె పెద్దల దగ్గరికి పరుగెత్తింది. "ఇలాంటివి ఇంకో మూడు పేనుతాను. నాలుగు తాళ్ళు, నాలుగు మలుపులు. రేపు మధ్యాహ్నానికి ఒక్క కేకవాడు మిగలడు. నా పిల్ల కిటికీకి ఇంకా రెండు వరసల ఖాళీ ఉంది. ఈ సాయంత్రానికి ఒకటి పోయినా, ఒక వరస మిగులుతుంది. అది చాలు దానికి."

పెద్దాయన ఆమె చేతిలోంచి తాడు తీసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. "ఒక్క తాడు ఒక్క పూటలో నలుగుర్ని తీసుకుపోయింది," అన్నాడు. "వెయ్యి తాళ్ళయితే?"

"వెయ్యి వద్దు."

"ఎందుకొద్దు?"

ఆమె దగ్గర జవాబు ఉంది. కానీ అది చేతుల్లో ఉన్న జవాబు, నోటికి రావడానికి కొంచెం టైము పడుతుంది. "పదే చేతులున్నాయి బాబూ," అంది. "పది మణికట్లు. కడియాలు ఎక్కువైతే..."

"పెద్దమ్మకి తన పేరు పోతుందని భయం," అన్నాడు రెండో పెద్ద. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే మళ్ళీ.

ఇదిగో, ఇక్కడ నాకు కోపం ఆగదు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఊరు బతకాలనే చూశారు. అంతవరకూ ఆ తాడు ఏ లెక్కలోకీ రానిది. లెక్కలోకి రాగానే వెయ్యి కావాలి. ఊరికే ఉందన్నప్పుడూ వాళ్ళు దాన్ని చూడలేదు, వెయ్యి కావాలన్నప్పుడూ చూడలేదు.

మేకుమీది తాడు తీసేశారు, చూసి పేనడానికి నమూనా కావాలని. ఆ మధ్యాహ్నం ఊరంతా అరుగులమీద కూర్చుని పేనింది. ముసలమ్మ చేతే నేర్పించారు. ఆమె నేర్పింది. త్వరగా అయితే త్వరగా మేకులకి ఎక్కుతాయి కదా అనుకుంది. సాయంత్రం కేక పడింది, తాపీవాళ్ళు వరస పెట్టారు. ఒక్క వరస ఖాళీ.

మర్నాడు తెల్లారేసరికి వెయ్యి తాళ్ళు. ప్రతి మలుపులో వంద. అన్నీ మూడు మూరలే, అన్నీ సరైన పురే. ఒక్కదాంట్లో తప్పు లేదు. కమ్మరీ కంచరీ పనివాళ్ళని పెట్టి కొక్కేలూ కడియాలూ చేయించారు. పెద్దలు డప్పులు కొట్టించారు.

కేకవాళ్ళు వచ్చారు. ముప్ఫై ఆరుగురు మిగిలారు కదా, ముప్ఫై ఆరుగురి నడుములకీ కొక్కేలు తగులుకున్నాయి. సున్నంచేతివాళ్ళు కుండల్లోకి వంగారు, పది మణికట్లకీ కడియాలు ఎక్కాయి. ఒక్కో చేతికి మోచేతిదాకా కడియాలే, ఇంకోటి పట్టే చోటు లేదు, చెయ్యి దించినా జారే చోటు లేదు. చూడడానికి ఎంత బాగుందో.

కానీ కేకవాడి తాడుకి ఉన్న కడియం ఖాళీగా వేలాడుతోంది. సున్నంచేతివాడి కడియానికి ఉన్న తాడు కొస కొక్కెం ఖాళీగా వేలాడుతోంది. నడుము మడతలో కొక్కెం ఇంకోటి పట్టదు, మణికట్టుకి కడియం ఇంకోటి పట్టదు. ఎవడి తాడు వాడికి దొరికింది. ఒకే తాడుకి ఇద్దరు దొరకలేదు. ముప్ఫై ఆరుగురూ తాళ్ళు ఊపుకుంటూ, పెళ్ళి ఊరేగింపులో ఏనుగుల్లా, కట్టండి కట్టండి అని తిరుగుతున్నారు. తాపీవాళ్ళు అడుసు కలపడం మొదలుపెట్టారు.

ముసలమ్మ పెద్దాయన ముందుకి వచ్చింది. "తీయించండి," అంది.

"ఏమిటి తీయించేది?"

"తాళ్ళు. నాలుగు ఉంచి తక్కినవన్నీ తీయించండి."

పెద్దాయన ఆమెవైపు జాలిగా చూశాడు. "వెయ్యి ఉంటేనే పని జరగడంలేదు పెద్దమ్మా. తీసేస్తే జరుగుతుందా? చాలలేదేమో. ఇంకో వెయ్యి వేయిద్దాం."

ఆమె ఇంటికి పోయి నార కోసే కొడవలి తెచ్చింది.

తను పేనినవి, తను నేర్పితే పేనినవి, ఒక్కొక్కటే కోసింది. అడ్డం వచ్చినవాళ్ళతో, "మట్టివాళ్ళ మీద చెయ్యి వేయకూడదన్నారు. నేను తాడుమీదే వేస్తున్నాను. తాడు ఎవరికీ లెక్కలేదు కదా," అంది. వాళ్ళు పక్కకి తప్పుకున్నారు, సాయం మాత్రం చేయలేదు. తాళ్ళు పేనిన ఆడవాళ్ళు కొంతమంది మాత్రం వచ్చి, కోసిన కొసలు పట్టుకుని నడుముల నుంచి కొక్కేలు ఊడదీశారు, మణికట్ల నుంచి కడియాలు జార్చారు. గట్టి తాళ్ళు. ఆమె పేనించిన తాళ్ళు తెంచడానికి ఆమెకే చెయ్యి చాలలేదు. అరచేతులు చీరుకుపోయాయి. డప్పులవాళ్ళు కొట్టాలో మానాలో తెలియక కాసేపు కొట్టారు.

పొద్దు వాలుతుండగా నాలుగు తాళ్ళు మిగిలాయి. అప్పుడు మొదలైంది. నాలుగు మలుపుల్లో, నాలుగు చేతులకింద, వీపు తర్వాత వీపు వచ్చి ఆగింది. నూరుడింటివాళ్ళకి తీరిక లేకపోయింది. ఒక్కో కేకా తగ్గిపోతూ వచ్చింది. ఇరవై కేకలు, పది, మూడు.

ముసలమ్మ కుమ్మరివీధికి పరుగెత్తింది. పరుగెత్తే వయసు కాదు. కిటికీ దగ్గర తాపీవాడు ఆఖరి వరస పెడుతున్నాడు. ఒక్క ఇటుక ఖాళీ మిగిలింది. ఆ సందులో కూతురి నోరు మాత్రం కనిపిస్తోంది. గాలికోసం అక్కడికి తెచ్చి ఆనించుకుంది. ముసలమ్మ వేళ్ళు పెట్టి ఆ పెదాలు తాకింది. నెత్తురంటింది. అది పిల్లది కాదు, ఆమె చేతిదే. కూతురు ఒక మాట అంది. గొంతులోనే అంది. తాపీవాడికి వినపడలేదు.

అప్పుడే ఊళ్ళో ఆఖరి కేక ఆగిపోయింది.

తాపీవాడి చేతిలో ఇటుక ఉంది. దానికి అడుసు పూసి ఉంది.

"కేక ఆగిందిరా నాయనా," అంది ముసలమ్మ. "విను. ఆగిపోయింది."

వాడు విన్నాడు. అచ్చు పగిలిననాటినుంచి అలాంటి నిశ్శబ్దం వాడు ఎరగడు. బిత్తరపోయాడు. అడుసు పూసిన ఇటుకని కింద పెట్టకూడదని తాపీవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. తాతలనాటి పద్ధతి. భయమేసినప్పుడు మనిషి చెయ్యి తెలిసిన పనే చేస్తుంది. ఆమె వేళ్ళు మెల్లగా, మర్యాదగా పక్కకి తీసి ఇటుక పెట్టేశాడు. తాపీ వెనకభాగంతో రెండుసార్లు తట్టాడు. తర్వాత ఏం చేశాడో అర్థమై కూలబడ్డాడు.

ఆమె కొడవలితో గోడ పొడిచింది. ఇప్పుడు ఒక ఇటుక ఊడితే రెండు పెట్టమనే కేక లేదు. వాడు కూడా లేచి తాపీతో పొడిచాడు. ఏడుస్తూ పొడిచాడు. తొమ్మిది రోజుల గోడ, కింది వరసలు రాయిలా ఆరిపోయాయి. రెండు వరసలు వచ్చాక ఆమె చెయ్యి లోపలికి పెట్టింది. చెయ్యి చేతికి తగిలింది. ఆ చెయ్యి పట్టుకోలేదు.

తలుపు గోడ పగలగొట్టి, పిల్లని అరుగుమీదికి తెచ్చేసరికి ఊరంతా అక్కడికి వచ్చింది. ఊరు బతికింది. ఎక్కడా కేక లేదు. కమ్మరి మెడలో దండ ఉంది, కంచరి మెడలో దండ ఉంది. అక్కడికి వచ్చాక ఇద్దరూ తీసి చేత్తో పట్టుకున్నారు. మిగిలిన నాలుగు తాళ్ళూ చుట్టచుట్టి ఎవరో మేకుకి తగిలించారు.

పెద్దలు ముగ్గురూ మెల్లగా ముందుకి వచ్చారు. ముఖాలు దించుకున్నారు. నిజంగానే బాధపడుతున్నారు, అది అబద్ధం కాదు. పెద్దాయన పైపంచెతో కళ్ళు తుడుచుకుని, "ఏం చేస్తాం పెద్దమ్మా, మన చేతుల్లో ఏముంది," అంటూ ఆమె భుజంమీద చెయ్యి వేయబోయాడు.

ముసలమ్మ ఆ చేతిని గాలిలోనే ఆపింది. కొట్టలేదు, తోయలేదు. పట్టుకుని ఆయనదగ్గరే పెట్టేసింది. కంట్లో ఒక్క చుక్క లేదు. ముగ్గురివైపూ ఒకరి తర్వాత ఒకరివైపు అలా చూస్తూనే ఉంది. ఆ చూపుకి పెద్దాయన రెండడుగులు వెనక్కి వేశాడు. కన్నబిడ్డ పోయినా ఏడవని తల్లి ఏం తల్లి అని వెనకాల ఎవరో గొణిగారు. ఆ ఊరివాళ్ళకి అది ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ ఒక్క ఇటుక సందులోంచి, ఊపిరి కూడదీసుకుని, కూతురు ఆమెతో ఆఖరిగా అన్నది ఇది:

"ఏడవకమ్మా. ఏడిస్తే వాళ్ళొచ్చి ఓదారుస్తారు. ఓదార్చనివ్వకు."